చేతులు కడుగుకొనుమన్న వైద్యుడు



రాహేలు కాన్పును గూర్చి ఆదికాండము 35వ అధ్యాయములో మనమందరము చదివియున్నాము. ప్రయాణము మధ్యలో ఆమెకు నొప్పులు వచ్చెను. ప్రక్కనున్న మంత్రసాని ధైర్యము చెప్పెను. మగబిడ్డ పుట్టెను గాని తల్లి దక్కలేదు. బేత్లెహేము మార్గమున ఆమెను పాతిపెట్టిరి. నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానుల పేళ్లు వ్రాయబడియున్నవి. మగపిల్లలను చంపుమని వారికి ఆజ్ఞ ఇచ్చిన రాజు పేరు మాత్రము అక్కడ లేదు. కాన్పు వేళ తల్లి ప్రక్కన ఎవరుండవలెను, ఏ ఇంట పురుడు పోయవలెను, ఏ చేయి ఆమెను తాకవలెను అను విచారము అంత పాతది. మన పల్లెలలో తొలిచూలు బిడ్డ పుట్టింటికి వచ్చినప్పుడు ఆ తల్లిదండ్రులకు రాత్రులు నిద్రపట్టనిది ఈ విచారముచేతనే.

ఈ నెల ఈ విషయముకొరకే బ్రదికి, దానికొరకే నలిగిపోయిన ఒక వైద్యుని చరిత్ర వ్రాయుచున్నాను. ఆయన మన దేశస్థుడు కాడు, మన సంఘస్థుడును కాడు. హంగేరీ దేశస్థుడు. పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

ఆయన 1818 జూలై 1వ తేదీన బుడా పట్టణములో పుట్టెను. డాన్యూబు నదికి ఒక గట్టున బుడా, ఎదుటి గట్టున పెస్టు, ఇవి రెండు అప్పుడు వేరు వేరు పట్టణములు. 1873లో కలిసి బుడాపెస్టు అయినవి. తండ్రి కిరాణా వర్తకుడు, కలిగినవాడు. ఆ ఇంట పదిమంది పిల్లలు పుట్టగా ఇతడు ఐదవవాడు. 1837లో న్యాయశాస్త్రము చదువుటకై వియన్నా నగరమునకు పంపిరి. అక్కడికి పోయిన మరుసటి సంవత్సరమే మనస్సు మార్చుకొని వైద్యములో చేరెను. 1844లో పట్టా పుచ్చుకొని, కాన్పుల వైద్యమును ఎన్నుకొనెను. 1846 జూలై 1న, అనగా సరిగా తన 28వ పుట్టిన దినమున, వియన్నా పెద్దాసుపత్రి కాన్పుల విభాగములో ప్రొఫెసరు క్లైన్ గారి క్రింద సహాయ వైద్యుడుగా పనిలో చేరెను.

ఆ ఆసుపత్రి సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. ఆ కాలమున ఐరోపాలో కలిగినవారి స్త్రీలు ఇంటనే ప్రసవించుచుండిరి. ఆసుపత్రికి వచ్చువారు పేదలు, పనికత్తెలు, పెండ్లి కాకుండ గర్భవతులై ఇంటివారిచే గెంటివేయబడిన అమ్మాయిలు. దిక్కులేక బిడ్డలను చంపుకొందురేమో అని ప్రభుత్వమువారు ఉచితముగా కాన్పు చేయించి, బిడ్డను అనాథ శిశువుల ఆశ్రమములో చేర్చుకొను ఏర్పాటు చేసిరి. దానికి ప్రతిఫలముగా ఆ తల్లులు విద్యార్థుల చదువునకు పనికిరావలెను. ఉచితమనుకొన్నదానికి వెల ఇట్లు ఉండెను.

కాన్పుల విభాగములు అక్కడ రెండు. 1840 మొదలుకొని మొదటి విభాగములో వైద్య విద్యార్థులైన పురుషులు నేర్చుకొనిరి. రెండవ విభాగములో మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలు ఉండిరి. రెండును ఒక్క ఆవరణములోనివే. వైద్య విధానము ఒక్కటే, భోజనము ఒక్కటే, గాలి ఒక్కటే. ఒక దినము వచ్చిన గర్భిణులను మొదటి విభాగములోను, మరునాడు వచ్చినవారిని రెండవదానిలోను చేర్చుకొనుచుండిరి. సాయంకాలము నాలుగు గంటలకు వంతు మారును. ఏ గంటకు నొప్పులు మొదలైనవో దానినిబట్టి ఆ స్త్రీ ఎవరి చేతిలో పడునో తేలిపోవును.

ఇప్పుడు లెక్క చూడుడి. 1841 నుండి 1846 వరకు ఆరు సంవత్సరములలో మొదటి విభాగమున 20,042 కాన్పులు జరుగగా 1,989 మంది తల్లులు చనిపోయిరి. రెండవ విభాగమున 17,791 కాన్పులకు 691 మంది. అనగా వైద్యుల దగ్గర నూటికి పదిమంది, మంత్రసానుల దగ్గర నూటికి నలుగురికంటె తక్కువ. సెమ్మెల్‌వైస్ చేరిన 1846వ సంవత్సరము మరీ చెడ్డది. మొదటి విభాగములో 4,010 కాన్పులకు 459 మంది తల్లులు పోయిరి. రెండవదానిలో 3,754 కాన్పులకు 105 మంది. అంతేకాదు, మొదటి విభాగములో జబ్బు ముదిరినవారిని పెద్దాసుపత్రిలోని ఇతర వార్డులకు పంపివేయుచుండిరి గనుక అక్కడ చచ్చినవారు ఈ లెక్కలోనికి రానేలేదు.

ఆ జబ్బు పేరు పురిటి జ్వరము. కాన్పు సుఖముగా అయి, బిడ్డ ఏడ్చి, తల్లి నవ్వి, ఇక భయము లేదనుకొన్న తరువాత రెండవ దినముననో మూడవ దినముననో చలి, జ్వరము, పొత్తికడుపు ఉబ్బి తాకనీయని నొప్పి, మైలలో దుర్గంధము. వారము తిరుగకముందే ప్రాణము పోవును. మన పెద్దవారు దీనినే బాలింత సన్నిపాతమనిరి. గ్రామములలో ముసలివారిని అడిగినచో ఇట్లు పోయిన అత్తగారి పేరో పినతల్లి పేరో ఇప్పటికిని చెప్పుదురు.

వియన్నా పేద స్త్రీలు ఈ లెక్కలు చదువలేదు. వారిలో అనేకులకు చదువే రాదు. అయినను వారికి సంగతి తెలిసియుండెను. మొదటి విభాగపు వంతు అని తెలియగానే మోకాళ్లూని, చేతులు నులుముకొనుచు, తమ్మును రెండవ విభాగములోనికి పంపుమని వైద్యులను బ్రతిమాలుకొనుచుండిరి. కొందరు నొప్పులు ఓర్చుకొని వంతు మారువరకు కాలము గడుపజూచిరి. కొందరు దారిలోనే, వీధి మూలనో బండిలోనో ప్రసవించి, బిడ్డను కొంగులో పెట్టుకొని ఆసుపత్రికి నడిచి వచ్చిరి. ఇట్లు వచ్చినవారికి దారిలో కాన్పు అయినట్లు వ్రాసి, ఉచితముగా బిడ్డను ఆశ్రమములో చేర్చుకొను నియమము ఉండెను. పట్టణములోనే రహస్యముగా ఒక మంత్రసాని ఇంట ప్రసవించి, బండిలో ఆసుపత్రికి వచ్చి దారిలో అయినదని చెప్పినవారును కలరు.

సెమ్మెల్‌వైస్‌ను కలవరపరచినది ఇదే. వీధిలో కన్నవారికి పురిటి జ్వరము అరుదుగా వచ్చుచుండెను! వైద్యుడు లేడు, మంచము లేదు, వేడినీళ్లు లేవు, అయినను వారు బ్రదికిరి. ప్రొఫెసర్ల కండ్ల యెదుట, మంచి మంచముమీద కన్నవారు చచ్చిరి. ఆడవారి మాట భయముచేత పుట్టిన మాట అని పెద్దలు కొట్టివేసిరి. ఈ యువకుడు మాత్రము దానిని కొట్టివేయలేకపోయెను. ఇతని ఘనత అంతయు ఇక్కడనే మొదలైనదని నా అభిప్రాయము.

కారణము ఏమి? గాలిలో ఏదో చెడు ఉన్నదనిరి. రెండు విభాగములకును గాలి ఒక్కటే గదా. జనము క్రిక్కిరిసి యుండుటచేత అనిరి. రెండవ విభాగమునకే అందరును పోగోరుట వలన అక్కడనే ఎక్కువ ఇరుకు. పేదతనము, సిగ్గు, భయము కారణమనిరి. రెండు చోట్లను ఉన్నది ఆ పేదలే. విదేశీ విద్యార్థులు మొరటుగా పరీక్షించుచున్నారని ఒక విచారణ సంఘమువారు తేల్చి, విద్యార్థులను సగమునకు తగ్గించిరి. చావులు కొన్నాళ్లు తగ్గి మరల లేచెను. మంత్రసానులు తల్లిని ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి పురుడు పోయుచున్నారని విని, సెమ్మెల్‌వైస్ అట్లే చేయించెను. మార్పు లేదు.

ఇంకొక సంగతి. చావుబ్రదుకులలో ఉన్నవారికి చివరి సంస్కారము ఇచ్చుటకు గురువు వచ్చునప్పుడు ముందు ఒకడు గంట మ్రోగించుచు నడచును. మొదటి విభాగములో రోగుల గదికి పోవుటకు గురువు ఐదు గదులు దాటవలెను. రెండవదానిలో నేరుగా పోవచ్చును. ఆ గంట విని బాలింతలు బెదరి జ్వరము తెచ్చుకొనుచున్నారేమో అని అనుమానించి, గంట లేకుండ వేరు దారిని రమ్మని ఆయన గురువును వేడుకొనెను. గురువు ఒప్పుకొనెను. చావులు ఒక్కటియు తగ్గలేదు. ఇది చదివి కొందరు నవ్వుదురు గాని నేను నవ్వను. చనిపోవుచున్న తల్లికొరకు గంటను కూడ అనుమానించువాడు ఏ రాయిని తిప్పక విడిచిపెట్టును?

1847 మార్చిలో ఆయన స్నేహితులతో వెనీసు నగరము చూచి తిరిగివచ్చెను. వచ్చీరాగానే ఒక మరణవార్త వినెను. కొలెచ్కా అను ప్రొఫెసరు ఆయనకు ప్రియ మిత్రుడు, శవపరీక్షలు చేయించువాడు. ఒక విద్యార్థి చేతి కత్తి శవపరీక్ష సమయమున ఆయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. చిన్న గాయము. దానినుండి జ్వరము, చీము, కడుపులో వాపు వచ్చి ఆయన చనిపోయెను. ఆయన శవమును పరీక్షించినవారి నివేదిక సెమ్మెల్‌వైస్ చదివెను. పురిటి జ్వరముతో పోయిన వందలాది తల్లుల శరీరములలో తాను చూచిన గుర్తులే అందులోను ఉండెను.

అప్పుడు ఆయనకు కండ్లు తెరచుకొనెను. కత్తితోపాటు శవములోని కుళ్లు కొలెచ్కా రక్తములో ప్రవేశించెను. మరి ఈ తల్లుల రక్తములోనికి దానిని ఎవరు చేర్చిరి? ప్రతి ఉదయము వైద్యులును విద్యార్థులును మొదట శవాగారమునకు పోవుదురు. రాత్రి చనిపోయిన స్త్రీల శవములను కోసి చూతురు. చేతులు పైపైన సబ్బుతో కడుగుకొని, వార్డునకు వచ్చి, నొప్పులు పడుచున్న తల్లులను లోపల పరీక్షింతురు. దినమంతయు వారి చేతులకు ఆ వాసన ఉండనే ఉండెను. మంత్రసానులు శవములను తాకరు. తొలి కాన్పు ఆలస్యమై ఎక్కువ గంటలు నొప్పులు పడినవారే ఎక్కువమంది చచ్చుటకు కూడ ఇదే కారణము. ఎక్కువ గంటలు, ఎక్కువ పరీక్షలు, ఎక్కువ చేతులు. వీధిలో కన్నదానిని ఎవరును పరీక్షింపలేదు గనుక బ్రదికెను.

ఇందులో మరింత చేదైన సంగతి ఉన్నది. శవములను అందరికంటె శ్రద్ధగా పరీక్షించినవాడు సెమ్మెల్‌వైసే. ఈ తల్లులు ఏల చచ్చుచున్నారో కనుగొనవలెనని ప్రతి ఉదయము ఆ పని చేసెను. కొన్ని నెలలు ఆయన స్థానములో వేరొక వైద్యుడు ఉండగా, విద్యార్థుల పరీక్షలు కూడ తగ్గియుండగా, 1847 ఫిబ్రవరిలో 312 కాన్పులకు ఆరుగురే చనిపోయిరి. ఆయన తిరిగి పనిలో చేరిన తరువాత ఏప్రిల్‌లో అదే 312 కాన్పులకు 57 మంది. తన చేతులమీదుగా ఎందరు సమాధికి పోయిరో దేవునికే తెలియునని ఆయన తరువాత తన గ్రంథములో ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు చేయగల వైద్యుడు వేయిమందిలో ఒకడుండునా?

1847 మే నెల మధ్యలో ఆయన ఒక నియమము పెట్టెను. వార్డులోనికి వచ్చు ప్రతివాడును క్లోరిను కలిసిన నీటితో చేతులు రుద్ది కడుగుకొనవలెను. మొదట వాడిన ద్రావకము ఖరీదైనది గనుక, తరువాత క్లోరిను పట్టించిన సున్నము నీళ్లలో కలిపి వాడిరి. మన బావులలో చల్లు బ్లీచింగ్ పౌడరు అదే. చేతుల వాసన పోవువరకు రుద్దవలెను. అంతే. క్రొత్త మందు లేదు, క్రొత్త యంత్రము లేదు. ఏప్రిల్‌లో నూటికి పద్ధెనిమిదిమంది పోయిన వార్డులో జూన్‌లో 268 కాన్పులకు ఆరుగురు, జూలైలో 250 కాన్పులకు ముగ్గురు చనిపోయిరి. 1848వ సంవత్సరము మొత్తము మీద 3,556 కాన్పులకు 45 మంది. అది ఇంచుమించు మంత్రసానుల విభాగముతో సమానము. ఆ సంవత్సరము మార్చిలోను ఆగస్టులోను ఒక్క తల్లియు చనిపోలేదు.

1847 అక్టోబరులో మరియొక పాఠము నేర్చుకొనవలసి వచ్చెను. మొదటి మంచముమీద గర్భసంచిలో కుళ్లిన పుండుగల ఒక స్త్రీ ఉండెను. వైద్యులు మొదట ఆమెను పరీక్షించి, చేతులు సబ్బుతో మాత్రమే కడుగుకొని, వరుసగా తరువాతి మంచములకు పోయిరి. వెంట ప్రసవించిన పండ్రెండుమందిలో పదకొండుమంది చనిపోయిరి. కుళ్లు శవములోనే కాదు, బ్రదికియున్న మనిషి పుండులో కూడ ఉండునని అప్పుడు తెలిసెను. అటుపిమ్మట వార్డులోనికి వచ్చునప్పుడే గాక, ఒక మంచము నుండి మరియొక మంచమునకు పోవునప్పుడెల్లను కడుగుకొనవలెనని ఆయన ఆజ్ఞాపించెను.

ఇక్కడ చదువరులు ఒక మాట తప్పుగా గ్రహింపకూడదు. మంత్రసాని మంచిది, వైద్యుడు చెడ్డవాడు అని ఈ చరిత్ర చెప్పుట లేదు. అంతకు యాబది సంవత్సరముల క్రిందట స్కాట్లాండులోని అబర్డీన్ పట్టణములో అలెగ్జాండరు గోర్డన్ అను వైద్యుడు ఇదే జ్వరమును గూర్చి 1795లో ఒక పుస్తకము వ్రాసెను. ఏ స్త్రీకి ఎవరు పురుడు పోసిరో పేరు పేరున లెక్క కట్టి చూడగా, కొందరు మంత్రసానులు పోయిన ఇండ్లలోనే జ్వరము పుట్టెను. తాను పోయిన కొన్ని ఇండ్లలో కూడ పుట్టెనని ఆయన దాచక వ్రాసెను. ఊరివారు ఆయనమీద కోపపడిరి. ఆయన ఊరు విడిచి నౌకాదళములో పనికి పోయెను. ఫ్లారెన్సు నైటింగేల్ దొరసానిగారు లండనులో కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణ ఇచ్చుటకు ఒక వార్డు తెరిపించి, అక్కడ కూడ పురిటి జ్వరము వ్యాపించగా 1867లో దానిని మూయవలసి వచ్చెను. ఆమె ఊరకుండక, లెక్కలు పోగుచేసి, ఇంట కన్నవారికంటె కాన్పుల ఆసుపత్రులలో కన్నవారే ఎక్కువగా చచ్చుచున్నారని 1871లో పుస్తకము ప్రచురించెను. ఆ కాలమునకు అది సత్యమే.

మన కాలమునకు అది సత్యము కాదు. చేతులు, పనిముట్లు, దుప్పట్లు శుద్ధిచేయుట ఆసుపత్రి ధర్మమైన తరువాత తూకము తిరిగెను. జ్వరము ఒక్కటే కాదు, రక్తస్రావము, గుర్రపువాతము వంటి మూర్ఛలు, అడ్డము తిరిగిన బిడ్డ, వీటికి ఇంట మందు లేదు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. కాని వాగు పొంగి బండి రాలేని కొండ ఊళ్లున్నవి. 108 బండి వచ్చులోగా బిడ్డ వచ్చిన ఇండ్లున్నవి. అట్టి వేళ పురుడు పోయు తల్లి సబ్బుతో మోచేతివరకు చేతులు కడుగుకొన్నదా, క్రింద పరచినది ఉతికి ఎండబెట్టిన బట్టయా, బొడ్డు కోయుటకు విప్పని క్రొత్త బ్లేడు ఉన్నదా, కట్టుటకు శుభ్రమైన దారము ఉన్నదా, కోసిన బొడ్డుమీద బూడిదగాని పేడగాని నూనెగాని పెట్టకుండ విడిచిరా అని ఇంటివారు చూచుకొనవలెను. కాన్పయిన పదిదినములలో జ్వరముగాని మైలలో దుర్వాసనగాని వచ్చినచో దిష్టి తీయుచు కూర్చుండక ఆ గంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఆసుపత్రిని ఎన్నుకొనుటయందు కూడ మేడను చూచి పోవువారు మనలో ఎక్కువ. ఇటీవల అక్కడ కన్న నలుగురు తల్లులను అడిగితిరా? కాన్పు గదిలో కుళాయి ఉన్నదా, అందులో నీళ్లు వచ్చునా, సబ్బు ఉన్నదా? ఒకరిని పరీక్షించిన గ్లవుజులతో మరియొకరిని తాకుచున్నారా? అమ్మా, చేతులు కడుగుకొంటిరా అని నర్సమ్మను మర్యాదగా అడుగుటకు సిగ్గెందుకు? మోకాళ్లూని బ్రతిమాలిన ఆ వియన్నా పనికత్తెలకంటె మనకు ధైర్యము తక్కువ కాకూడదు.

మరల సెమ్మెల్‌వైస్ దగ్గరకు పోదము. ఇంత స్పష్టమైన ఫలితము చూచి లోకము ఆయనను నెత్తిన పెట్టుకొనెననుకొందురేమో. హెబ్రా, స్కోడా అను ఇద్దరు పేరుగల వైద్యులు ఆయన పక్షమున వ్రాసిరి, మాటలాడిరి. కీల్ పట్టణములో మిఖాయెలిస్ అను ప్రొఫెసరు నమ్మి, తన ఆసుపత్రిలో చేతులు కడిగించెను. కాని తాను పురుడు పోసిన తన సొంత బంధువు ఒకతె ఈ జ్వరముతో చనిపోవుటకు తానే కారణమని గ్రహించి, ఆ భారము మోయలేక 1848లో ప్రాణము తీసికొనెను. మిగిలినవారు నమ్మలేదు. నమ్ముట అంత సులభమా? నమ్మినయెడల తమ చేతులతో తామే వందలమందిని చంపితిమని ఒప్పుకొనవలెను. చేతిలో కంటికి కనబడని దేదో ఉన్నదనుటకు అప్పటికింకను రుజువు చూపువారు లేరు. ప్రొఫెసరు క్లైన్‌కు తన క్రింది పనివాడు తన వార్డును తప్పుపట్టుట గిట్టలేదు. 1849 మార్చిలో సెమ్మెల్‌వైస్ గడువు ముగియగా దానిని పొడిగింపలేదు.

1850లో ఆయనకు బోధించుటకు అనుమతి వచ్చెను గాని, కాన్పు నేర్పుటకు బొమ్మను మాత్రమే వాడవలెనని షరతు పెట్టిరి. ఆ అవమానము సహింపలేక, తనకొరకు పోరాడిన స్నేహితులకు కూడ చెప్పకుండ, ఐదు దినములలో వియన్నా విడిచి స్వదేశమునకు పోయెను. ఇది ఆయన చేసిన పెద్ద పొరపాటని నేననుకొందును. ఇంకొక పొరపాటు, తాను కనుగొన్నదానిని వెంటనే తానే వ్రాసి ప్రకటింపక అనేక సంవత్సరములు జరుపుట. వ్రాయుట తనకు రాదని ఆయన అనుకొనెను. ఆ ఆలస్యమునకు వెల చెల్లించినది తల్లులే.

పెస్టు పట్టణమున సెయింటు రోకస్ ఆసుపత్రిలో 1851 నుండి ఆరు సంవత్సరములు కాన్పుల వార్డును జీతము లేకుండ చూచెను. ఆ కాలములో 933 కాన్పులకు ఎనిమిదిమందే పురిటి జ్వరముతో పోయిరి. 1855లో విశ్వవిద్యాలయమున ప్రొఫెసరు అయ్యెను. అక్కడ చేతులు శుభ్రముగానే ఉండెను గాని జ్వరము వచ్చెను. వెదకి చూడగా దుప్పట్లు కారణమని తేలెను. చవకగా ఉతుకుటకు ఒప్పుకొన్న కాంట్రాక్టుదారుడు ముందటి బాలింతల మరకలతో, కంపుతో దుప్పట్లు తిరిగి పంపుచుండెను. పైవారికి వ్రాసిన జాబులు ఫలింపకపోగా, ఆయన ఆ కంపు దుప్పట్లనే మోసికొని పోయి అధికారి యెదుట పెట్టెను. దుప్పట్లు మారెను.

1857లో మరియా వైడెన్‌హోఫర్ అను కన్యకను పెండ్లాడెను. ఐదుగురు పిల్లలు పుట్టగా ఇద్దరు పసితనములోనే పోయిరి. 1861లో తన గ్రంథమును ప్రచురించెను. అది పెద్దది, తిరిగి తిరిగి చెప్పినదే చెప్పుచు చదువరిని అలసిపోజేయునది, అయినను అందులోని లెక్కలు ఎవరును కాదనలేనివి. దానిని అనేకులు త్రోసివేయగా ఆయన నిగ్రహము పోయెను. ప్రసిద్ధులైన ప్రొఫెసర్లకు బహిరంగ లేఖలు వ్రాసి, వారిని హంతకులని పిలిచెను. ఆయన చెప్పినది నిజమే, చెప్పిన తీరుచేత వినవలసినవారి చెవులు ఇంకను మూసికొనెను.

చివరి సంవత్సరములలో ఆయన మనస్సు చెదరెను. జబ్బు ఏమో నేటివరకు వైద్యులలో వాదమున్నది. 1865 జూలై నెలాఖరున భార్యయు స్నేహితులును ఆయనను వియన్నాకు తీసికొనిపోయిరి. పాత మిత్రుడైన హెబ్రా ఆయనను క్రొత్త ఆసుపత్రి చూపుదునని చెప్పి మానసిక రోగుల ఆశ్రమమునకు చేర్చెను. సంగతి గ్రహించి వెలుపలికి పోజూడగా అక్కడి కావలివారు కొట్టి బంధించిరి. రెండు వారములకు, 1865 ఆగస్టు 13న, 47వ ఏట చనిపోయెను. కుడిచేతి వ్రేలికి ఒక గాయమై, అది కుళ్లి, రక్తము విషమెక్కెను. కొలెచ్కాను చంపినదే, తాను తల్లులను తప్పింపజూచినదే ఆయనను కూడ చంపెను.

దానికి ముందు దినమున, ఆగస్టు 12న, స్కాట్లాండు గ్లాస్గో నగరములో జోసెఫ్ లిస్టరు అను శస్త్రవైద్యుడు కాలు విరిగిన ఒక బాలుని గాయమునకు కార్బాలిక్ ఆసిడ్‌తో కట్టు కట్టెను. ఆ గాయము కుళ్లకుండ మానెను. 1879లో పారిసు వైద్యుల సభలో లూయీ పాశ్చరు, పురిటి జ్వరము కలిగించు సూక్ష్మజీవి ఎట్లుండునో నల్లబల్లమీద గీసి చూపెను. గొలుసులోని పూసలవలె వరుసగా నున్న చిన్న చిన్న చుక్కలు. వియన్నా తల్లులు భయపడినది వాటికే.

సెమ్మెల్‌వైస్‌ను మొదట వియన్నాలో పాతిపెట్టిరి. 1891లో ఆయన ఎముకలను బుడాపెస్టునకు తెచ్చిరి. 1969లో అక్కడి వైద్య విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. బుడా కోట క్రింది భాగమున ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు వైద్య చరిత్ర మ్యూజియముగా నున్నది. 1964లో ఎముకలను మరల తీసి ఆ ఇంటి ఆవరణములోనే ఉంచిరి. తన తల్లి తనను కన్న చోటనే ఆయన ఉన్నాడు.